ఇసుక బస్తాకి వీరపతకం

మూడో రోజు

చెర నుంచి తిరిగొచ్చినవాళ్ళు తొంభై రోజులపాటు దినచర్య రాయాలట. రాస్తే మనసు కుదుటపడుతుందట. ఈ వైద్యం కనిపెట్టిన పునరావాస శాఖవారిలో ఒక్కరు కూడా పాలమెట్ట అంచు దాటి బయటికి తొంగి చూసిన పాపాన పోలేదు. అయినా రాయమన్నారు కనుక రాస్తున్నాను. వారం వారం తెప్పించుకుని చదువుతారట కూడా. చదువుకోండి, పుణ్యం వస్తుంది.

పేరు గొర్లె తవిటినాయుడు. వయసు ముప్ఫై ఎనిమిది. గాలిదళంలో బుడగ కట్టిన పడవ నడిపేవాణ్ణి. ఉప్పుమెట్టవాళ్ళకి చిక్కి వెయ్యిన్నీ నూట అరవై రెండు రోజులు వాళ్ళ కొట్టాల్లో ఉప్పు కాచాను. మొన్న ఖైదీల మారకం మొదటి విడతలో వచ్చాను. రెండో విడత ఇంకో నెలకి. అది దాటితే మళ్ళీ రెండేళ్ళ దాకా మారకం లేదు.

ఇక్కడ నాకిచ్చిన పని వలలు పిండడం. తెల్లవారుజామున మబ్బు మెట్టని రాసుకుంటూ పోయాక, అంచున కట్టిన వలల్లో తడి మిగులుతుంది. దాన్ని తొట్టిలోకి పిండాలి. మేం తాగే నీళ్ళన్నీ అవే. కిందికి దిగి తెచ్చుకుందామంటే లోయల నిండా మడ్డి. ఆ పసుపు పొగని పదిసార్లు పీల్చినవాడు పదకొండోసారి పీల్చడు. ఈ మబ్బుల కోసమే రెండు మెట్టలూ ఆరేళ్ళు కొట్టుకున్నాయి.

నేను పిండిన నీళ్ళ కోసం మళ్ళీ నేనే వరసలో నిలబడాలి. నేను లేని మూడేళ్ళలో వరస పద్ధతి మారిపోయింది. పతకాలున్నవాళ్ళు ముందట. పతకాలు కూడా మారాయి. ఇప్పుడవి మాట్లాడతాయి. రేకు మధ్యలో ఏదో లక్క పోస్తారు. దానికి కాస్త వేడి తగిలి, ఎదురుగా మనిషి కనిపిస్తే చాలు, ప్రశంస చదవడం మొదలుపెడుతుంది. అది పూర్తయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు, మర్యాద. నా ముందున్న ముసలాయన ఛాతీ మీద మూడున్నాయి. మూడూ ఒకేసారి అందుకున్నాయి. ఒకటి వంటశాలలో మంట ఆర్పినందుకు, ఒకటి పదేళ్ళు సెలవు పెట్టనందుకు. ఆ గోలలో మూడోది వినపడలేదు.

"మూడోది దేనికి తాతా?" అన్నాను.

"ఆ రెండూ పారీకుండా జాగరతగా దాసినందుకు, బావూ" అన్నాడాయన, ఎంతో వినయంగా.

నేను ఉప్పు కాచింది ఈ దేశం కోసమేనన్నమాట.

ఐదో రోజు

సత్కారాల శాఖ అధికారి ఉపమాక వేదాద్రి గారు నా గదికి స్వయంగా వేంచేశారు. ఆయనకీ ఒక పతకం ఉంది. గుమ్మంలో నిలబడగానే అది మొదలుపెట్టింది: ఉత్తమ ప్రశంసా రచనకు గాను, వరసగా నాలుగో ఏడు. ఆయన కళ్ళు అరమోడ్చి విన్నారు. నేను చేతిలో తడి వల పట్టుకుని విన్నాను.

నాకు రెండు గౌరవాలు ఒకే పతకంలో ఇస్తారట. గాలిలో చూపిన ధైర్యానికి ఒకటి, చెరలో గడిపిన కాలానికి మొదటి తరగతి ఒకటి. వెయ్యి రోజులు దాటితే మొదటి తరగతి. తొమ్మిది వందల తొంభై తొమ్మిది దగ్గర వదిలేస్తే రెండో తరగతే. ఉప్పుమెట్టవాళ్ళు దయామయులు, నన్ను వెయ్యి దాటించారు.

"ఇరవయ్యో రోజున సభ, తవిటినాయుడు గారూ. ఇది మీ ప్రశంస. కంఠతా పట్టండి. గౌరవం పొందేవారే సొంత గొంతుతో పతకంలోకి చదవాలి. ఒకసారి పలికాక లక్క గట్టిపడిపోతుంది. చెరపడం, మార్చడం ఉండదు" అన్నారు.

"ఎవరు రాశారండీ?"

"నేనే" అన్నారు, ముఖం వెలిగిపోతుండగా. "మీరు వస్తారని తెలిసిన రోజే కూర్చుని రాసేశాను."

నేను వచ్చేదాకా ఆగి అడగాలన్న ఆలోచన ఆ బుర్రలో ఏ మూలా పుట్టినట్టు లేదు.

ఆరో రోజు

వలలు పిండాక తొట్టి గట్టు మీద కూర్చుని ఆ కాగితం చదివాను. భాష బ్రహ్మాండంగా ఉంది. సారాంశం ఇది: యుద్ధం మూడో ఏట శత్రువు బాణం తగిలి మా పడవ బుడగ చిరిగింది. సహచరి, బుడగ కాపరి మజ్జి అసిరమ్మ మడ్డిలో పడి వీరమరణం పొందింది. తవిటినాయుడు ఒంటరిగా బుడగ మీదికి పాకి, చిరుగుని తన వీపుతో మూసి, పడవని శత్రువుల గట్టు మీదికి దించి, చెరలో వెయ్యిన్నీ నూట అరవై రెండు రోజులు తలవంచక నిలిచాడు.

నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

జరిగింది చెబుతాను. బుడగ చిరిగిన మాట నిజం. పైకి పాకింది అసిరమ్మ. బరువు తగ్గించాలని ముందు పక్కనున్న ఇసుక బస్తా తాడు కోసింది, తర్వాత బుడగ మీదికెక్కి చిరుగు మీద వెల్లకిలా పడుకుంది. బుడగలోంచి తన్నుకొచ్చే వేడిగాలి ఆమె వీపుని కాల్చేసింది. ఇప్పటికీ ఆ మచ్చ చెయ్యంత ఉంది. ఆ సేపంతా నేను స్తంభాన్ని కావిలించుకుని కళ్ళు మూసుకున్నాను. మా వెనక పడవలోని పరిశీలకుడు చాలా దూరం నుంచి రెండే చూశాడు: బుడగ మీద ఒక మనిషి, మడ్డిలోకి పడుతున్న ఒక బరువు. పైనున్నది మగవాడే అయి ఉంటాడనీ, పడింది ఆడమనిషే అయి ఉంటుందనీ ఆ మహానుభావుడు తేల్చేశాడు. వేదాద్రి గారు దానికి అలంకారాలు తొడిగారు. ముగ్గురు పెద్దలు సంతకాలు పెట్టారు. అలా పాలమెట్ట ప్రభుత్వం ఒక ఇసుక బస్తాకి వీరపతకం ఇచ్చింది. పడమటి గట్టున పడవలు దిగే చోటికి అసిరమ్మ రేవని పేరు కూడా పెట్టిందట.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కానీ అసిరమ్మ బతికే ఉంది. ఉప్పుమెట్ట నాలుగో కొట్టంలో ఇప్పుడీ క్షణాన కూడా ఉప్పు కాస్తూ ఉంటుంది. ఆ ఆవిరి పీల్చినవాళ్ళకి మూడో ఏట దగ్గు పట్టుకుంటుంది, నాలుగో ఏట రక్తం పడుతుంది, ఐదో ఏడు చూసినవాణ్ణి నేను చూడలేదు. ఆమెకి రక్తం పడుతోంది.

మనవాళ్ళు పేరు పెట్టి అడిగినవాళ్ళనే ఉప్పుమెట్ట వదులుతుంది. చచ్చిపోయిందని పతకం ఇచ్చిన మనిషిని మనవాళ్ళు ఎలా అడుగుతారు?

ఏడో రోజు

విజ్ఞప్తి రాసి మారకాల శాఖలో ఇచ్చాను. రెండే వాక్యాలు: మజ్జి అసిరమ్మ బతికి ఉంది, రెండో విడత జాబితాలో ఆమె పేరు చేర్చండి. కిటికీలోని అమ్మాయి చదివి, ఇంకో పెద్దపుస్తకం చూసి, కాగితం వెనక్కి తోసింది.

"చనిపోయినవారి విషయాలు సంస్మరణ విభాగంలో ఇవ్వాలండి."

"చనిపోలేదనే కదమ్మా రాశాను."

"అదే అక్కడ చెప్పండి."

సంస్మరణ విభాగంవారు ఎంతో మర్యాదస్తులు. నన్ను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, అసిరమ్మకి ఏటేటా రేవు దగ్గర పూలు చల్లుతున్నామనీ, ఈసారి నన్ను కూడా పిలుస్తామనీ చెప్పారు.

పదో రోజు

అసిరమ్మ చెల్లెలు దాలమ్మ ఇంటికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదని అడక్కండి.

దాలమ్మ వలలు అల్లుతుంది. చిన్న ఇల్లు, ఒకటే గది. పొయ్యి మీద జావ కాస్తోంది, పొయ్యి పైన గోడకి వీరపతకం. పోయినవాళ్ళకి ఒంటి వేడి ఉండదు కనుక వాళ్ళ పతకాలు పొయ్యి పైన తగిలించాలని శాఖవారి ఆదేశం. వేదాద్రి గారి గొంతుతో అది చదువుతోంది: "...మడ్డిలోకి జారుతూ కూడా ఆ వీరనారి చేయెత్తి నమస్కరించెను..." ఇసుక బస్తా నమస్కరించెను.

అది అయ్యేదాకా మేమిద్దరం మాట్లాడలేదు. అయ్యాక చెప్పాను, అసిరమ్మ బతికే ఉందని.

దాలమ్మ గరిటె తిప్పడం ఆపలేదు. "పొద్దున్నొకపాలి, మాపిటేలొకపాలి, మూడేళ్ళ నుంచి మా అప్ప సచ్చిపోనాదని ఇది నాకు సెప్తన్నాది. నువ్వొచ్చి బతికున్నాదంటే ఎలగ నమ్ముతాను, అన్నా? గురుతేటి?"

"ఉప్పు కొట్టంలో మూకుడు దించిన ప్రతిసారీ ఎడం మోకాలు పట్టుకుని నిన్ను తిడుతుంది. చిన్నప్పుడు నువ్వు గట్టు మీంచి తోసేశావంట. ఏడేళ్ళ దానివని సంగతి దాచిపెట్టింది గానీ, లేకపోతే మీ అమ్మ నిన్ను చీరేసేదట."

గరిటె ఆగింది. దాలమ్మ పొయ్యి దగ్గరే చతికిలబడి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మళ్ళీ మనిషి ఎదురుగా కనిపించేసరికి పతకం మొదలుపెట్టింది. ఆమె లేచి జావ కోసం ఉంచిన నీళ్ళు తీసి పొయ్యిలో గుమ్మరించింది. చల్లారేదాకా అది చెబుతూనే ఉంది.

"మరైతే" అంది ముక్కు తుడుచుకుని, "ఇద్దరూ ఒక్కకాడే ఉన్నారు గదా. నువ్వెలగొచ్చీసినావు?"

"వరస ప్రకారం పిలిచారు" అన్నాను.

జావ సగమే ఉడికి పాడైపోయింది. అయినా ఆమె నాకు గిన్నెలో పోసింది. తాగాను.

పదమూడో రోజు

దాలమ్మ నాతో కలిసి సత్కారాల శాఖకి వచ్చింది. పతకం చెంగులో మూటగట్టుకుని తెచ్చి వేదాద్రి గారి బల్ల మీద పెట్టింది.

"ఇదొద్దు బాబూ. మా అప్పనిప్పించండి."

వేదాద్రి గారు పతకాన్ని ముట్టుకోలేదు. ఏదో చచ్చిన బల్లిని చూసినట్టు చూశారు. "ఇచ్చిన పతకం తీసుకునే పద్ధతి మా శాఖలో లేదమ్మా. మీ దుఃఖం నాకు తెలుసు. చెర నుంచి వచ్చినవారికి ఒక్కోసారి చనిపోయినవారు కనిపిస్తూ ఉంటారు. పాపం, ఈయన మాటలు పట్టుకుని..."

"ఆవిడతో కలిసి మూడేళ్ళు ఉప్పు కాచానండీ. కనిపించడం కాదు" అన్నాను.

ఆయన దాలమ్మని బయట కూర్చోమని, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించారు. ఇప్పుడు ఆయనలోని రచయిత పక్కకి తప్పుకుని గుమాస్తా బయటికొచ్చాడు.

"చూడండి. ముగ్గురు పెద్దలు సంతకం పెట్టారు. పిల్లలు బళ్ళో ఆ పాఠం చదువుతున్నారు. రేవు ఉంది. ఇవన్నీ ఏం చెయ్యమంటారు?"

"రేవు రేవులాగే ఉంటుంది కదండీ. ఆవిడే వచ్చి దిగుతుంది."

"హాస్యం వద్దు. ఇంకో మాట. మీ ప్రశంసలో బుడగ మీదికి ఎక్కింది మీరు. ఆవిడ వస్తే ఎక్కింది ఎవరు?"

నా చూపు బల్ల మీది పతకం మీదికి జారింది. ఆయన అది గమనించారు. అంత మొద్దు మనిషి కూడా మనలోని కుళ్ళు ఎక్కడుందో భలే పట్టేస్తాడు.

పదహారో రోజు

మారకాల శాఖలో పాత స్నేహితుడి ద్వారా ఒక సంగతి తెలిసింది. యుద్ధం ఆగాక రెండు మెట్టలవాళ్ళూ ఖైదీల గురించి కాగితాల మీద ఎన్ని అబద్ధాలు రాసుకున్నారంటే, చివరికి ఒకరి కాగితం ఒకరు ఒప్పుకోవడం మానేశారు. చెరలో ఎవరున్నారన్నదానికి, తిరిగొచ్చినవాడు తన పతకంలో పలికిన మాటే ఇకపై సాక్ష్యమని ఒప్పందం రాసుకున్నారు. లక్కలో పడిన గొంతుని దిద్దడం ఎవరి వల్లా కాదు కదా. సభ అయిన రెండో రోజున పతకాల పలుకులన్నీ విని, జాబితా తయారుచేసి ఉప్పుమెట్టకి పంపుతారు.

అంటే, వేదాద్రి గారి కాగితం నేను చదివితే అసిరమ్మ నా గొంతుతో చచ్చిపోతుంది. అప్పుడిక ఏ శాఖా ఆమెని బతికించలేదు. నేను నిజం పలికితే ఆమె పేరు జాబితాలో చేరి తీరుతుంది.

ఇంత తేలికైన దారి దొరికినందుకు ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు.

పదిహేడో రోజు

వేదాద్రి గారు వల పిండే చోటికే వచ్చారు. ఆయన చెప్పులకి తడి తగలకుండా గట్టు మీదే నిలబడ్డారు. నా స్నేహితుడు నాకు చెప్పినట్టే ఆయనకి కూడా చెప్పాడని అర్థమైంది. పాలమెట్టలో ఏ రహస్యానికైనా ఇద్దరు యజమానులుంటారు.

"మీరు ఏం చదువుతారో మీ ఇష్టం. సభలో మీ నోరు నేను మూయలేను" అన్నారు. "కానీ ఒకటి గుర్తుంచుకోండి. పతకం ధరించడం తప్పనిసరి. వరసలో నిలబడినా, బజారుకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా. నా కాగితం చదివితే జీవితాంతం మిమ్మల్ని అది వీరుడని పిలుస్తుంది. మీ కథ చదివితే మీ గొంతే మిమ్మల్ని రోజుకి నలభైసార్లు ఏమని పిలుస్తుందో ఆలోచించుకోండి. నా రచనలో మీరు చాలా మంచివారు, తవిటినాయుడు గారూ."

మొత్తానికి ఈ మనిషి నోటి వెంట ఒక్క నిజం వచ్చింది. ఆయన వెళ్ళాక పిండిన వలనే మళ్ళీ పిండుతూ చాలాసేపు ఉండిపోయాను.

పద్దెనిమిదో రోజు

ఇక రాసేస్తాను. దాలమ్మ అడిగినదానికి జవాబు ఇది.

వరసా గిరసా ఏమీ లేదు. మా ఇద్దరిలో పాలమెట్ట నుంచి నా ఒక్కడి పేరే వచ్చింది. ఉప్పుమెట్టవాళ్ళకి ఒక ఆచారం ఉంది. పిలుపు వచ్చిన ఖైదీ తన పేరుని ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఒకరి బదులు ఇంకొకరు వెళితే వాళ్ళకి అభ్యంతరం లేదు, తలలు సరిపోతే చాలు. కాపలా పెద్ద పొద్దున్నే కొట్టం ముందు నిలబడి అడిగాడు: "నువ్వే పోతావా, పేరిస్తావా?" అసిరమ్మ నాకు పది అడుగుల దూరంలో మూకుడు దగ్గర కూర్చుని దగ్గుతోంది. నాకు ఇంకా దగ్గు కూడా మొదలవలేదు.

"నేనే పోతాను" అన్నాను. వెళ్ళి పడవెక్కాను.

ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో అందరి మీదా నోరు పారేసుకున్నాను. వేదాద్రి గారు ఒక అబద్ధం రాసి పతకం తగిలించుకున్నారు. ముసలాయన పతకాలు దాచినందుకు పతకం తీసుకున్నాడు. ఆ పనులతో వాళ్ళు తెలిసి ఎవరి ప్రాణం మీదికీ తేలేదు. నేనేం చేశానో చూసుకుంటే వాళ్ళిద్దరూ దేవుళ్ళు.

ఇరవయ్యో రోజు

సభ జరిగింది. పడమటి గట్టు మీద పందిరి, పూలు, ముగ్గురు పెద్దలు. పతకాలున్నవాళ్ళంతా ముందు వరసల్లో కూర్చున్నారు. ఒకరికొకరు ఎదురుపడి కూర్చోకుండా చూసుకోవాలని ఎవరికీ తోచలేదు కనుక, మొదటి అరగంటా నూట ఇరవై పతకాలు ఒకదాని మీద ఒకటి అరుచుకున్నాయి. సభని ప్రారంభించాల్సిన పెద్దాయన మర్యాద కొద్దీ వాటన్నిటి కోసం ఆగారు. ఆయన పతకం ఆయన్ని మొదలుపెట్టనివ్వలేదు.

నన్ను పిలిచారు. వేదాద్రి గారు పళ్ళెంలో పతకం పట్టుకుని నా నోటి దగ్గరికి తెచ్చారు. లక్క ఇంకా మెత్తగా, వెచ్చగా ఉంది. కాగితం నా చేతిలో ఉంది. ఎదురుగా దాలమ్మ వెనక వరసలో నిలబడి ఉంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని చెప్పాను.

"నేను గొర్లె తవిటినాయుణ్ణి. మా పడవ బుడగ చిరిగినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. బుడగ మీదికెక్కి మమ్మల్ని కాపాడింది మజ్జి అసిరమ్మ. మడ్డిలో పడింది ఇసుక బస్తా. అసిరమ్మ బతికే ఉంది. ఉప్పుమెట్ట నాలుగో కొట్టంలో ఉంది, రక్తం కక్కుతోంది. నా బదులు ఆమెని పంపే అవకాశం నాకు ఇచ్చారు. నేను పంపలేదు. నేనే వచ్చేశాను."

లక్క గట్టిపడిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దాయన అటూ ఇటూ చూసి, కార్యక్రమం ప్రకారం తర్వాత చెయ్యాల్సింది అదే కనుక, ఆ పతకాన్ని నా ఛాతీకి గుచ్చారు. గుచ్చగానే ఎదురుగా ఉన్న ఆయనకే మొదటిసారి వినిపించింది.

దాలమ్మ నా దగ్గరికి రాలేదు. వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇరవై మూడో రోజు

అసిరమ్మ పేరు జాబితాలో చేరింది. మారకాల శాఖ గోడ మీద అంటించారు. సంస్మరణ విభాగంవారు పూలు చల్లే కార్యక్రమం వాయిదా వేశారు. రద్దు కాదు, వాయిదా. రాకముందే పోతుందేమోనని ఆశ కాబోలు.

నీళ్ళ వరసలో నాకిప్పుడు ముందు చోటు. మొదటి తరగతి కదా. మూడు పతకాల ముసలాయన నాకు ఎదురుగా నిలబడి నా గొంతు నా మీద చెప్పిందంతా పూర్తిగా విన్నాడు. విని బిందె తీసుకుని నాలుగడుగులు అవతలికి జరిగాడు. నేను అలవాటుగా ఏదో వెటకారం ఆడబోయాను. ఆపుకుని బిందె నింపుకున్నాను.

వేదాద్రి గారు అసిరమ్మ ఆగమనం మీద కొత్త ప్రశంస రాస్తున్నారని విన్నాను. పన్నెండు పేజీలు అయిందట ఇప్పటికే. నన్ను అడగలేదు, ఆమెని ఎలాగూ అడగరు.

ఇరవై ఎనిమిదో రోజు

రోజుకి నలభై అన్నారు వేదాద్రి గారు. లెక్కపెట్టాను, యాభై మూడు. నిన్న బజారులో ఒక ఆవిడ పిల్లని ఎత్తుకుని దగ్గరికొచ్చి, విని, పిల్ల చెవులు మూసింది. వల పిండేవాళ్ళు నాతో మాట్లాడడం మానలేదు గానీ పక్కకి నిలబడి మాట్లాడుతున్నారు, పతకానికి ఎదురుపడకుండా. అది మర్యాదేనేమో.

ఒకందుకు తేలికగానే ఉంది. దాచుకోవడానికి ఇంక ఏమీ మిగల్లేదు. అంతా చెప్పేశాను. సభలో చెప్పినప్పుడు, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఇంతమంది అబద్ధాలకోరుల మధ్య నేనొక్కణ్ణే ఉన్నది ఉన్నట్టు చెప్పానని.

ముప్ఫై రెండో రోజు

రెండో విడత పడవ మధ్యాహ్నం వచ్చింది. గాలి ఎదురు కొడుతుంటే చాలాసేపు గట్టుకి అవతలే ఊగింది. రేవు నిండా జనం. వేదాద్రి గారు కాగితాల దొంతరతో ముందు నిలబడ్డారు. దాలమ్మ ఆయన్ని మోచేత్తో నెట్టుకుని ఇంకా ముందుకి వెళ్ళింది. నేను వరస చివర్లో నిలబడ్డాను. తాడు అందుకోవడానికి మనుషులు కావాలన్నారు, అందుకు.

ఆరుగురు దిగారు. ఐదోది అసిరమ్మ. సగమైపోయింది. వీపు వంగిపోయింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చెక్క మీంచి దిగి, ఎడం మోకాలు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. దాలమ్మ వచ్చి మీద పడి ఏడుస్తుంటే, "సాలు, సాలే. ఊపిరాడనీ" అంది. వేదాద్రి గారు గొంతు సవరించుకున్నారు. ఆవిడ ఆయన్ని దాటుకుని వచ్చేసింది.

వరస వెంట నడుచుకుంటూ వచ్చి నా ముందు ఆగింది. పతకం మొదలుపెట్టింది.

నేను చెయ్యి అడ్డం పెట్టబోయాను. ఆవిడ నా చెయ్యి తీసేసింది. తల కొంచెం వంచి, దగ్గొస్తే చెంగు అడ్డుపెట్టుకుని, నా గొంతు చెప్పిందంతా విన్నది. కళ్ళు మూసుకోవడం, ఇసుక బస్తా, నాలుగో కొట్టం, నేనే వచ్చేశాను అన్నది. ముఖంలో ఏమీ మారలేదు. ఇసుక బస్తా దగ్గర మాత్రం పెదవి కొంచెం వంకరపోయింది, నవ్వే కావచ్చు.

"అయిపోనాదా?" అంది.

"అయిపోయింది."

"నువ్వు పడవకాడికి ఎల్తన్నప్పుడు నాను పిలిసినాను. తవిటీ, తవిటీ అని మూడుసార్లు. అది నేదేటి ఇందులో?"

"లేదు."

"ఇనబడనేదా?"

గట్టు మీద ఇంతమంది జనం, గాలి, తాడు లాగేవాళ్ళ కేకలు. ఏదో ఒక అబద్ధం చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

"వినబడింది" అన్నాను.

ఆవిడ తల ఊపింది. మూట భుజానికెత్తుకుని చెల్లెలి వెంట వెళ్ళిపోయింది. ఆరో ఖైదీ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. పతకం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.